పొద్దుటి దిండ్లు

సెప్టెంబరు 1, సోమవారం

బావమరిది దిగాడు. ఒక సంచీ, ఒక ఇనుప పెనం. అంతే సామాను. ఓడలో ఇన్నేళ్ళు వంటచేసి సంపాదించింది ఇదేనా అని అడగబోయి ఊరుకున్నాను. ఓడ కంపెనీ మూతపడిందట. ఇంకో పని దొరికేదాకా ఇక్కడే ఉంటాడని మా ఆవిడ చెప్పింది. సరే అన్నాను.

హాల్లో సోఫా ఇచ్చాం. కాళ్ళు సోఫా దాటి బయటికి వస్తున్నాయి. నవ్వుతూనే పడుకున్నాడు. ఆ మనిషికి నవ్వడానికి కారణం అక్కర్లేదు.

సెప్టెంబరు 2

షాపులో కూర్చుని రాస్తున్నాను. ప్లాస్టర్ గట్టిపడేదాకా చేతులు ఖాళీ. ఇంట్లో రాస్తే మా చిన్నది చిట్టి భుజం మీదుగా తొంగిచూసి అక్షరాలు కూడబలుక్కుంటుంది.

మా ఆవిడకి బస్సు డ్రైవరుగా మొదటి షిఫ్టు పడినప్పటినుంచి పొద్దుటి టిఫిను పని నాది. పండు కోస్తాను, గుడ్లు వేయిస్తాను, రొట్టె కాలుస్తాను, బల్ల మీద నాలుగు కంచాలు సర్దుతాను. కట్టుడు పళ్ళు చేసేవాణ్ణి, వరస తప్పితే నా కన్ను ఊరుకోదు. ఆవిడ టీ గ్లాసు పట్టుకుని నిలబడే తాగేసి, పొద్దున్నే నాకేం దిగదండీ అంటూ వెళ్ళిపోతుంది. పెద్దది ఎనిమిదో క్లాసుకి వచ్చినప్పటినుంచి కంచం వంక చూడటమే మానేసింది. చిట్టి రొట్టె మధ్యభాగం తిని అంచులు వదిలేస్తుంది. అయినా నాలుగు కంచాలూ పెడతాను.

ఇవాళ నేను లేచేసరికే వంటింట్లో దీపం వెలుగుతోంది. పొయ్యి దగ్గర బావమరిది. ఆ పెనం నిజానికి రెండు పెనాలు. ఒకదానిమీద ఒకటి మూతలా పడతాయి, ఒక చివర మేకుతో బిగించి ఉంటాయి, రెండో చివర పొడుగాటి పిడులు. లోపల బ్రెడ్డు ముక్క, దానిమీద ఏదో కూరడం, ఇంకో బ్రెడ్డు ముక్క, టప్పున మూయడం, మంట మీద అటూ ఇటూ తిప్పడం. తెరిస్తే అంచులన్నీ అతుక్కుని మధ్యలో ఉబ్బి ఉంది. చిట్టి చూడగానే దిండు అని పేరు పెట్టేసింది. లోపల ఏముందో వాడు చెప్పడు. కొరికితే తెలుస్తుందంటాడు.

కాగితంలో చుట్టి చేతికిచ్చాడు. చిట్టి జడ వేయించుకుంటూ తినేసింది. పెద్దది మెట్లు దిగుతూ తింది. కరకరమన్న చప్పుడు పైన ఉన్న నాకు వినపడింది.

నా కంచాలు నాలుగూ బల్ల మీదే ఉండిపోయాయి. రెండు గుడ్లు నేనే తిన్నాను, మూడోది పట్టలేదు.

పిల్లలు తిన్నారు. కావలసింది అదే కదా. సంతోషం.

సెప్టెంబరు 3

సంతోషమే.

సెప్టెంబరు 5

ఇంట్లో కొత్త ఆట మొదలైంది. దిండులో ఏముందో వాసన చూసి చెప్పాలి. నిన్న అరటిపండు, పంచదార. లోపల కరిగి పాకమైపోయిందట. ఇవాళ ఉడికించిన బంగాళదుంప, చీజ్. చిట్టి ముక్కు కాగితానికి ఆనించి శాస్త్రవేత్తలా కళ్ళు మూసుకుంటుంది. స్కూలు బస్సు ఒక్కరోజు కూడా తప్పలేదు ఈ వారం. నేను చేసినన్నాళ్ళూ వారానికి రెండుసార్లైనా వెనకాల పరుగెత్తేవాణ్ణి.

నీకు దిండ్లు ఎందుకు రావు నాన్నా అని అడిగింది చిట్టి. బల్ల దగ్గర కూర్చుని, కంచంలో, నెమ్మదిగా నమిలి తినడం ఆరోగ్యమని చెప్పాను. పళ్ళకి కూడా మంచిదని చెప్పాను. మాట సగంలో ఉండగానే మెట్లు దిగిపోయింది.

మా ఆవిడ బూట్లు తొడుక్కుంటుంటే తమ్ముడు పొయ్యి దగ్గరనుంచి, "గంట కొట్టేశారే అక్కా" అన్నాడు. ఆవిడ బూటు వదిలేసి కడుపు పట్టుకుని నవ్వింది. ఏమిటని అడిగాను. చిన్నప్పటిదిలెండి, చెప్తే నవ్వు రాదు అంది. నేనూ కొంచెం నవ్వాను. ఎందుకు నవ్వానో నాకే తెలియదు.

సెప్టెంబరు 9

ఇవాళ ఆవిడ యూనిఫాం కోటు ఉతకడానికి తీస్తే జేబులో కాగితం ఉంది. కాగితంలో సగం తిన్న దిండు. చల్లబడి అట్టలా అయిపోయింది. పారేయబోయి, కొరికిన అంచు చూశాను. రోజంతా నేను చూసేది అదే కదా. డాక్టర్లు అచ్చులు పంపిస్తారు, వాటిని చూసి పళ్ళు కడతాను.

పై వరస. కుడివైపు రెండో పన్ను కాస్త లోపలికి తిరిగి ఉంది. ఆ పన్ను నాకు తెలుసు. ఆవిడ మొదటిసారి నవ్వినప్పుడు నేను ముందు చూసింది దాన్నే.

పొద్దున్నే ఏమీ దిగదన్న మనిషి. ఏళ్ళ తరబడి టీతో సరిపెట్టుకున్న మనిషి. తమ్ముడి చేతిది మాత్రం దిగింది. అదీ నాకు కనపడకుండా, కోటు జేబులో పెట్టుకుని, డిపో దగ్గర ఎక్కడో తినేంతగా.

ఎవరో పరాయివాడి భుజం మీద ఆవిడ చెయ్యి చూసినట్టుంది. రాసినదాన్ని తిరిగి చదువుకుంటే సిగ్గేస్తోంది. అయినా కొట్టెయ్యను.

ఆ ముక్కని షాపుకి తెచ్చాను. మైనం మీద నొక్కి అచ్చు తీయలేదు. తీయాలనిపించిన మాట నిజం.

సెప్టెంబరు 10

దిగదట.

సెప్టెంబరు 14, ఆదివారం

నిన్న బావమరిది బజారుకి వెళ్ళినప్పుడు ఆ పెనం తెరిచి, అంచుల మీద మైనం అద్ది చూశాను. పని తెలుసుకుందామని, అంతే. లోపలి అంచు చుట్టూ సన్నని గాడి ఉంది. పై రేకు అంచు సరిగ్గా ఆ గాడిలో కూర్చుంటుంది. పై పళ్ళూ కింది పళ్ళూ కలిసినట్టే. అందుకే బ్రెడ్డు అతుక్కుంటోంది. ఇందులో గొప్పేముంది, నా పనిలో రోజూ చేసేదే కదా అనుకున్నాను.

ఇవాళ అందరికంటే ముందు లేచి నేనే చేశాను. మామూలు పెనం, పైన బరువుకి రుబ్బురాయంత గిన్నె. లోపల టమాటా, గుడ్డు, ఉల్లిపాయ. టమాటా రసం పక్కనుంచి కారి మంటలో పడి చుయ్యిమంది. గుడ్డు పెనానికి అంటుకుపోయింది. తీసేసరికి ఏదో పలచగా, వెడల్పుగా, తడితడిగా తయారైంది.

చిట్టి దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "ఇది దిండు కాదు నాన్నా, దుప్పటి" అంది.

మా ఆవిడ నవ్వింది. పెద్దది నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. బావమరిది నవ్వలేదు. అదే నాకు పుండు మీద కారం రాసినట్టయింది. తడి ఎక్కువైంది బావా, టమాటా గింజలు తీసేస్తే చాలు, రుచి మాత్రం బ్రహ్మాండం అంటూ మొత్తం తినేశాడు. నా దుప్పటి తిన్నది వాడొక్కడే.

సెప్టెంబరు 16

ఆవిడ ఇన్నాళ్ళూ డిపోలో తోటి డ్రైవర్లకి దిండ్లు పంచిపెడుతోందట. ఇవాళ చెప్పింది. క్యాంటీనులో వంట మనిషి మానేశాడట. శుక్రవారం పొద్దున మొదటి ట్రిప్పుకీ రెండో ట్రిప్పుకీ మధ్య బావమరిది చేసి చూపిస్తే, అందరికీ అందించగలిగితే, పని ఇస్తారు. ఇంకొకామె కూడా అడుగుతోందట, కాబట్టి శుక్రవారం తప్పకూడదు.

మంచి వార్త. సోఫా ఖాళీ అవుతుంది, వంటిల్లు నాదవుతుంది. అభినందనలు చెప్పాను, చెయ్యి కూడా కలిపాను.

బస్సులో వస్తూ ఆలోచిస్తే తట్టింది. క్యాంటీను డిపోలోనే ఉంది. ఇక ఆవిడ జేబులో దాచుకోనక్కర్లేదు. రోజూ వేడివేడిగా వాడి చేతినుంచే అందుకుంటుంది. నేను మాత్రం ఇక్కడ కంచాలు సర్దుకుంటాను.

సెప్టెంబరు 17

పెనం మేకు నా జేబులో ఉంది.

ఊరికే చూద్దామని తీశాను. ఎలా బిగించారో, ఎంత అరిగిందో. పొద్దున టిఫిన్లయ్యాక తీసి షాపుకి తెచ్చాను. సాయంత్రం పెట్టేస్తాను. వేలెడంత ఇనుప ముక్క. ఒక్కరోజు లేకపోతే ఏమవుతుంది, మహా అయితే పిల్లలు బల్ల దగ్గర కూర్చుని తింటారు.

మధ్యాహ్నం పళ్ళ సెట్టు ఒకటి పాలిష్ చేస్తూ, చక్రం తిరుగుతూనే ఉంది కదా అని మేకుని కూడా పట్టాను.

రాత్రయింది. సాయంత్రం పెట్టలేదు. మర్చిపోయాను. లేదు, మర్చిపోలేదు.

సెప్టెంబరు 18, గురువారం

రాత సరిగా రావడం లేదు.

పొద్దున బావమరిది మేకు కోసం వంటిల్లంతా వెతికాడు. ఎక్కడో ఊడిపడి ఉంటుందిలే అనుకుని, తీగ చుట్టి పెనం బిగించాడు. నేను బల్ల దగ్గర పండు కోస్తున్నాను. చెప్పాల్సింది అప్పుడే. జేబులో చెయ్యి పెట్టాను కూడా. ఇంతలో చిట్టి ఇవాళ కంచంలోనా అని మొహం వేలాడేసింది. ఆ మొహం చూసి జేబులోంచి చెయ్యి తీసేశాను.

తిప్పుతుంటే తీగ జారింది. పై రేకు విడిపోయి పిల్లవైపు పడబోయింది. వాడు అరచేత్తో ఆపాడు. మంట మీదనుంచి తీసిన ఇనుము. అరవలేదు. చిట్టిని పక్కకి నెట్టి, రేకు కింద పెట్టి, కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. వంటింట్లో వచ్చిన ఆ వాసన గురించి నేను రాయను.

మా ఆవిడ మొదటి ట్రిప్పు వదిలేసి తమ్ముణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఇన్నేళ్ళలో ఆవిడ ట్రిప్పు వదలడం చూడలేదు. కుడి అరచెయ్యి, నాలుగు వేళ్ళు. కట్టు కట్టారు. వేళ్ళు మడవకూడదట.

రేపు శుక్రవారం.

అదే రోజు, సాయంత్రం

ఆవిడ డిపోకి ఫోన్ చేసి వాయిదా అడిగింది. కుదరదన్నారు, రేపు కాకపోతే రెండో ఆమెకి ఇచ్చేస్తామన్నారు. పోనీలే అక్కా, ఇంకోటి చూసుకుంటాను అన్నాడు వాడు. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. ఆ మొహం మీద నవ్వు లేకపోవడం నేను మొదటిసారి చూశాను.

నేను వస్తానన్నాను. నువ్వు చెప్పు, నేను చేస్తాను, నా చేతులు బాగానే ఉన్నాయి కదా.

వాడు సోఫా మీద నిద్రపోయాక వంటింట్లో ఆవిడా నేనూ మిగిలాం. మేకు సంగతి చెప్పాలనే వెళ్ళాను. నోరు తెరిస్తే ఇంకోటి వచ్చింది. కోటు జేబులో చూశానన్నాను. నేను పెడితే ఎందుకు తినవని అడిగాను.

ఆవిడ చేతిలో గిన్నె తోమి బోర్లించింది. తరవాత కుళాయి కట్టేసింది.

"మీరు పెడితే తినడానికి నాకేం బాధ లేదండీ. మీరు చూస్తారు. కంచం పెట్టి ఎదురుగా కూర్చుని, నోటి వంకే చూస్తారు. ఎలా ఉంది, బాగుందా అంటారు. పొద్దున్నే పరీక్ష రాసినట్టుంటుంది. వాడు చేతిలో పెట్టి అటు తిరిగిపోతాడు."

చూడటం నా పని అన్నాను. అలవాటైపోయిందన్నాను.

"నాకు తెలుసు. కానీ పెద్దదానికి ఎలా తెలుస్తుంది? దాని పై పళ్ళు ఎగుడుదిగుడుగా వస్తున్నాయి. మీరు ఒక్క మాట కూడా అనలేదు. చూశారంతే. అప్పటినుంచి అది మీ ఎదురుగా తినడం మానేసింది. మీరు గమనించారా?"

గమనించలేదు. ఊళ్ళో అందరి పళ్ళూ గమనించేవాణ్ణి.

మేకు సంగతి చెప్పలేదు. వెళ్ళి పెనానికి బిగించేశాను.

సెప్టెంబరు 20, శనివారం

నిన్న రాయడానికి ఓపిక లేదు.

చీకటి ఉండగానే డిపోకి వెళ్ళాం. పెద్ద షెడ్డు, డీజిల్ వాసన, మూలన క్యాంటీను. బండల అరుగు, రెండు పొయ్యిలు, పొగతో నల్లబడిన గోడ. వాడు సంచీలోంచి పెనం తీసి అరుగు మీద పెట్టాడు. దీపం సరిగ్గా దానిమీదే పడింది. పెనం అంతా బొగ్గు నలుపు. మేకు ఒక్కటి వెండి పన్నులా తళతళలాడుతోంది.

వాడు చూశాడు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నట్టు నటించాను. కత్తి కింద ఉల్లిపాయ లేదు.

"మీ షాపులో పాలిష్ బాగా చేస్తారు బావా."

అంతే. క్షమించమని అన్నాననే అనుకున్నాను, పైకి వచ్చిందో లేదో తెలియదు. వాడే అన్నాడు, గుడ్ల గిన్నె నా వైపు తోస్తూ. "ముందు ఈ నొప్పి తగ్గనివ్వండి. తరవాత తీరిగ్గా కోప్పడతాను. ఇప్పుడు పొయ్యి వెలిగించండి, బస్సులు వచ్చేస్తాయి."

అక్కతో చెప్తావా అని అడిగాను. మీరు చెప్పండి అన్నాడు.

బస్సులు వచ్చేశాయి. ఒక్కసారిగా వరస గుమ్మం దాటింది. డ్రైవర్లు, కండక్టర్లు, చక్రాలు బిగించేవాళ్ళు. వాడు కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి పక్కన నిలబడి చెప్తున్నాడు. కూరండి. అంచు దాకా వద్దు. మూయండి. తిప్పండి. ఇంకా కాదు. ఇప్పుడు. మొదటి రెండూ దుప్పట్లే అయ్యాయి, అవి తీసి పక్కన పెట్టాడు. మూడోది ఉబ్బింది. తరవాత ఇక నేను లెక్కపెట్టలేదు. కాగితంలో చుట్టడం, ఎదురుగా వచ్చిన చేతిలో పెట్టడం, వెనక్కి తిరగడం. గ్రీజు చేతులు, ఉంగరాల చేతులు, గాజుల చేతులు. చేతులే కనపడ్డాయి. తల ఎత్తితే లోపల మాడిపోతుంది.

వరస అయిపోయాక చెమట తుడుచుకుంటూ మా ఆవిడ రాలేదేమని అడిగాను. వాడు వింతగా చూశాడు. "వచ్చింది కదా బావా. మీ చేతినుంచే తీసుకుంది. మళ్ళీ వచ్చి ఇంకోటి తీసుకుంది."

రెండు తింది. నా చేతిది. నేను చూడలేదు.

అప్పుడు కూడా, చూసి ఉంటే బాగుండేదనే అనిపించింది. ఏం చెయ్యను.

పని వాడికే ఇచ్చారు.

సెప్టెంబరు 21

ఆవిడతో చెప్పాను, మేకు సంగతి. మొత్తం చెప్పాను. జేబులో చెయ్యి పెట్టి తీసేసిన సంగతి కూడా.

లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రేకు చిట్టి మీద పడేదని ఆవిడకి నేను చెప్పనక్కర్లేదు.

సెప్టెంబరు 22

మాట్లాడలేదు.

సెప్టెంబరు 23

ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగింది. చెప్పాను.

సెప్టెంబరు 28, ఆదివారం

బావమరిది డిపో వెనక వీధిలో గది తీసుకున్నాడు. కట్టు చిన్నదైంది, వేళ్ళు మడుస్తున్నాడు. పెనం పట్టుకుపోయాడు. పిల్లలు గది సర్దడానికి వెళ్ళి సాయంత్రందాకా రాలేదు. మామయ్య గది, మామయ్య కిటికీ, మామయ్య కిటికీలోంచి కనపడే బస్సులు. రాత్రి అన్నం తింటున్నంతసేపూ అదే గొడవ. నాకు కడుపులో మళ్ళీ చిన్నగా మండింది. పూర్తిగా పోతుందని ఎవరు చెప్పారు.

వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, కోప్పడటం మర్చిపోయాను బావా అన్నాడు. గుర్తొచ్చినప్పుడు రా అన్నాను. ఆవిడ అటువైపు తిరిగి నవ్వడం కనపడింది.

సెప్టెంబరు 29

కంచాలు బయటికి తీయలేదు. రొట్టెలో గుడ్డు చుట్టి, కాగితంలో పెట్టి, గుమ్మం పక్క బల్ల మీద వరసగా ఉంచాను. గిన్నెలు తోముతూ గోడ వంక తిరిగి నిలబడ్డాను. మెడ నొప్పి పుట్టింది, అంత కష్టం అది. తిరిగి చూసేసరికి కాగితాల్లేవు. తిన్నారో, దారిలో పారేశారో తెలియదు.

అక్టోబరు 1

చెత్తబుట్టలో చిట్టిది సగం దొరికింది. కొరుకుడు గుర్తుపట్టాను. మిగతా ఇద్దరివీ లేవు. చెత్తబుట్టలో వెతకడం చూడటం కిందికి రాదు.

వస్తుంది. రేపటినుంచి వెతకను.

అక్టోబరు 6, సోమవారం

ఇవాళ లేవడం ఆలస్యమైంది. షాపులో అర్జంటు సెట్టు ఉంది. చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తి వస్తుంటే గుమ్మంలో పెద్దది అడ్డంగా నిలబడి ఉంది, స్కూలు సంచీ భుజానికి తగిలించుకుని. కాగితం పొట్లం నా చేతిలో పెట్టింది. వేడిగా ఉంది.

నువ్వు చేశావా అని అడిగాను. అప్పటికే మెట్లు దిగుతోంది, తనది తను తింటూ. వెనక్కి తిరిగి చూడలేదు. లోపల ఏముందని అడగబోయాను. వీధి తలుపు వేసుకున్న చప్పుడైంది.

బస్టాపుదాకా నడుస్తూ తిన్నాను. చొక్కా మీద పొడి రాలింది. బంగాళదుంప, మిరియాలు, ఎక్కడో ఒక ద్రాక్షపండు. ద్రాక్షపండు ఎందుకు వేసిందో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. మామయ్య పెనం లేదు కదా, వేళ్ళతో నొక్కి అతికించిన అంచు ఒకచోట విడిపోయింది, ఉప్పు కాస్త తక్కువైంది.

సాయంత్రం ఇంటికి వచ్చాక చెప్పులు విప్పడానికి కావాలనే ఎక్కువసేపు తీసుకున్నాను. హాల్లో దాని పక్కనే కూర్చుని పేపరు తిప్పాను. లెక్కలు చేసుకుంటోంది. లెక్కలు అయిపోయాయి. పుస్తకం సర్దుకుని లేచి వెళ్ళిపోయింది.

చాలా బాగుంది. ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.